ఆకుపచ్చ గుండీ

కాజా చుట్టూ చివరి కుట్టు బిగించి, దారాన్ని పళ్ళతో కొరికి, ఆమె చొక్కాను దులిపి పక్కన పెట్టింది. టైలరు దుకాణంలో అందరూ ఆమెను కాజాలమ్మ అంటారు. పెళ్ళికి ముందు పట్టిన సూది. కూతురు పుట్టి, పెరిగి, మందుల షాపులో ఉద్యోగం తెచ్చుకున్నా వదల్లేదు. కుడి బొటనవేలి కొస గరుకుదేరి, దారం దాని మీద పాకుతుంటే సన్నగా చప్పుడయ్యేది.

కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం, భయపడడం ఆమె పనులు. కూతురి బస్సు కాస్త ఆలస్యమైతే అది ఏ లోయలో పడిందోనని వణికిపోయేది. ఈ ఊళ్ళో లోయే లేదని దుకాణం నడిపే టైలరు మాస్టారు గుర్తుచేసేవాడు.

గుండీల దగ్గర మాత్రం ఆమెకు ఏ బెంగా ఉండేది కాదు. కుట్టగా మిగిలినవి, జత తప్పినవి అడిగి పుచ్చుకుని పాత క్యారియర్ గిన్నెల్లో దాచేది. పై గిన్నెలో తెల్లవి, మధ్య గిన్నెలో రంగువి, అడుగు గిన్నెలో అపురూపమైనవి: ఇత్తడివి, కొబ్బరిచిప్పవి, ఒకే ఒక్క ఆకుపచ్చ గాజుది. వేళ్ళతో కలియబెడితే రేకుల మీద చినుకులు పడ్డట్టుండేది. కూతురు వాటిని ఫోటోలు తీసి, ఫోనులో గుండీలు దాచుకునేవాళ్ళ గుంపులో పెట్టింది. ఎవరెవరో బాగున్నాయన్నారు. ఆమె ఎన్నాళ్ళో మురిసిపోయింది.

ఆ ఉదయం ఫోనులో ఈమెయిలు వచ్చింది. కూడబలుక్కుని చదివింది.

"ప్రియమైన సేకర్త. మీ సేకరణలో దొంగ వస్తువు ఉన్నట్లు ఫిర్యాదు. మీ నిజాయితీ నిరూపణ కొరకు దిగువ ఆకుపచ్చ గుండీని నొక్కండి. నొక్కనిచో చట్టపు చర్య సంభవించును."

చేతిలో సూది ఆగిపోయింది. ఆకుపచ్చది అడుగు గిన్నెలో ఉందని వాళ్ళకెలా తెలిసింది?

అన్నిట్లోకీ అడక్కుండా ఉంచుకున్నది అదొక్కటే. తలుపు వెనక వేలాడే బూడిదరంగు కోటుది. అస్తరు మార్చమని ఎవరో పెద్దాయన ఇచ్చి, మళ్ళీ రాలేదు. వదులైన గుండీ ఎక్కడ రాలిపోతుందోనని తనే ఊడదీసి దాచింది, ఆయన వచ్చాక కుడదామని. ఏళ్ళు గడిచాయి. దాచింది కాస్తా తనదైపోయింది.

గుండీని బల్ల మీద పెట్టి నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. వేలి మీద చిల్లుల అచ్చు పడింది.

"ఏంటక్కా, గుండీకి నాడి చూస్తున్నావా?" అన్నాడు మాస్టారు, కత్తెర ఆపి.

"ఏం లేదు తమ్ముడూ. పోలీసులొస్తే ఆ కోటు సంగతి నా మీదే పెట్టు. నిన్నూ అమ్మాయినీ ఇందులోకి లాగనివ్వను."

"పోలీసులెందుకొస్తారు? వాళ్ళ ప్యాంట్లు నిన్ననే ఇచ్చేశాంగా."

మధ్యాహ్నం ముద్ద దిగలేదు. జేబులో గుండీని నొక్కుతూనే ఉంది. వీధిలో టోపీ కనిపిస్తే చాలు, తల దించేసుకునేది. ఇన్నేళ్ళూ ఒక దారప్పోగు కూడా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి.

సాయంత్రం కూతురు వచ్చి ఫోను చూసింది.

"అమ్మా, నిజం చెప్పు. ఇందులో నొక్కావా?"

"పొద్దుట్నుంచీ నొక్కుతూనే ఉన్నానే తల్లీ. వేలు వాచింది."

కూతురి ముఖం పాలిపోయింది. "ఏది నొక్కావ్?"

ఆమె జేబులోంచి గుండీ తీసి చూపింది.

కూతురు కుర్చీలో కూలబడి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత ఈమెయిలు అడుగున ఉన్న ఆకుపచ్చ పట్టీ చూపించింది. "గుండీ అంటే ఇదమ్మా, బటన్. ఎవడో మోసగాడు మిషను చేత తెలుగు రాయించాడు. ఇది నొక్కి ఉంటే నీ బ్యాంకు ఖాతా ఊడ్చేసేవాడు. గుంపులో అందరికీ ఇదే పంపాడట."

ఆమె పరీక్షగా చూసింది. "గుండీ అయితే చిల్లులేవే?"

"ముందు వాడి నోటికో గుండీ కుట్టి పంపక్కా," అన్నాడు మాస్టారు.

ఆమెకూ నవ్వొచ్చింది. గుండెల మీది బరువు దిగింది. ఒక్కసారిగా ఆకలేసింది. ముగ్గురూ టీలో బన్ను ముంచుకు తిన్నారు. తర్వాత ఆమె చేతులు తుడుచుకుని తలుపు వెనక కోటు దింపింది.

"మళ్ళీ ఇదేంటి? వాడు అబద్ధాలకోరని చెప్పానుగా."

"వాడు అబద్ధాలకోరేనే. గుండీ మాత్రం కోటుదే కదా."

"ఆయన ఇక రాడమ్మా."

"వస్తే? చలికి కోటు కోసమొచ్చి, గుండీ లేక రొమ్ము పట్టేస్తే?"

చిల్లుల్లోంచి అడ్డంగా, నిలువుగా దారం లాగింది. గుండీ మెడకు చుట్లు చుట్టి ముడేసింది. అంతలో కూతురు గుమ్మంలోంచి బస్సొచ్చిందని పిలిచింది. కోటును మళ్ళీ మేకుకు తగిలించేసి, "కొస రేపు కొరుకుతాలే," అంటూ పరుగున వెళ్ళింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దారంతా ఆమె దేనికీ భయపడలేదు. తల్లి అలా కూర్చోవడం తనకు వింతగా అనిపించిందని కూతురు తర్వాత మాస్టారుతో చెప్పింది. తెల్లవారి టీ పట్టుకుని లేపబోయేసరికి ఆమె నిద్రలోనే వెళ్ళిపోయి ఉంది. ముఖంలో ఏ కంగారూ లేదు.

గుండీల క్యారియర్ కూతురు తీసుకెళ్ళింది. కోటు మాత్రం దుకాణంలోనే ఉంది. ఎవరైనా తలుపు తీసినప్పుడల్లా, ఆకుపచ్చ గుండీ కింద, కొరకని దారానికి సూది ఊగుతుంది.