రెండు చెంపలూ సమంగా

ఆకాశం బాబాయికి ఆ పేరు పెట్టింది ఆయన సెలూన్‌కి వచ్చేవాళ్లే. కనురెప్పలు జారి సగం కన్ను మూసేయడంతో, ఎవరిని చూడాలన్నా ఆయన గడ్డం పైకెత్తాల్సిందే. "కత్తిరించేది మా జుట్టా, మబ్బులా?" అని వేళాకోళమాడేవాళ్లు. బాబాయి కూడా నవ్వేసేవాడు.

ఆయనకో పద్ధతి ఉంది. పని ముగియగానే అద్దం చూపించి "బాగుందా?" అని అడగాలి. ఔనన్నాకే మెడమీది గుడ్డ తీయాలి. ఇన్నేళ్లలో కాదన్నవాడు లేడు. అదే ఆయన ధీమా.

భార్య మాత్రం ఒకరోజు ఉన్నమాట అనేసింది. "రెప్పలైనా ఎత్తించుకోండి, కత్తెరైనా దించేయండి. రేపు ఎవరి చెవో తెగితే?"

కత్తెర దించడమా! ఆ మాటే బాబాయికి మింగుడుపడలేదు. మర్నాడే, తన దగ్గర జుట్టు కత్తిరించుకునే కంటి డాక్టరును పట్టుకున్నాడు.

ఆపరేషన్‌కు రెప్పలకు మాత్రమే మత్తిచ్చారు. కుట్లు వేశాక, ముడి బిగించేముందు డాక్టరు ఆయన్ని లేపి కూర్చోబెట్టాడు. "కళ్లు తెరవండి బాబాయ్. రెండూ సమంగా లేచాయో లేదో చూడాలి."

తెరిచాడు. గడ్డం ఎత్తకుండానే లోకమంతా కనిపించింది. అన్నిటికంటే ముందు డాక్టరు టోపీకీ మాస్కుకీ మధ్య చెంపల జుట్టు కనిపించింది. కుడివైపుది చెవి తమ్మె దాకా దిగింది, ఎడమవైపుది అంగుళం పైకి ఎగబాకింది.

"అయ్యయ్యో! ఎవడండీ ఈ ఘనకార్యం..." అంటూనే నాలుక్కరుచుకున్నాడు. పోయినవారం కత్తిరించింది తనే.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"ఏడాది పైనే," డాక్టరు నవ్వాడు.

"మరి అద్దం చూపించినప్పుడల్లా బాగుందన్నారే!"

"మీ మొహం చూసి కాదనలేకపోయాం. మన వీధిలో అందరం అంతే."

బాబాయికి సిగ్గేసింది, అంతకు రెట్టింపు ప్రేమ ముంచుకొచ్చింది. తన కోసం వీధి వీధంతా వంకర చెంపలతో తిరిగిందన్నమాట!

డాక్టరు నర్సు చేత చిన్న అద్దం పట్టించాడు. "బాగుందా? మీరు మాత్రం మొహమాటపడకండి."

బాబాయి తేరిపార చూసుకున్నాడు. "ఎడమది వెంట్రుకవాసి కిందికుందండీ."

డాక్టరు ముడి సరిచేశాడు.

కుట్లు విప్పాక సెలూన్ తలుపు తీసేసరికి బయట బారుగా జనం. అందరూ కుడి చెంప తగ్గించుకోవడానికి వచ్చినవాళ్లే! కుర్చీలో మొదట కూర్చుంది డాక్టరు. పని ముగిశాక బాబాయి అద్దం చూపించి, కొంచెం భయంగానే అడిగాడు. "బాగుందా?"

"ఇంకో వెంట్రుకవాసి తీయాలి," అన్నాడు డాక్టరు.

ఇన్నేళ్లలో తొలిసారి తన పనికి ఒకరు వంక పెట్టారు. బాబాయి హాయిగా నవ్వుతూ కత్తెర అందుకున్నాడు.