బొంతలో తలగుడ్డ

మా వదిన బాలమ్మకు బొంతల పిచ్చి. ఒకటి పూర్తికాకముందే ఇంకొకటి మొదలుపెట్టేది. ఇంట్లో ఎక్కడ కూర్చుందామన్నా కింద ఏదో ఒక బొంత సగం కుట్టి ఉండేది, దానికో సూది గుచ్చి ఉండేది. అది నా కాలికి గుచ్చుకున్నప్పుడల్లా నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. "తిట్టుకోవే, గానీ దాని మీంచి లెగు," అనేది ఆవిడ.

మేమున్నది సముద్రం దాటొచ్చిన దీవిలో, లెస్కాలియే అనే ఊరి దగ్గర చెరకు తోటల కూలీల కేంపులో. మా అన్న ఎంకన్న, వదిన, వాళ్ళ కూతురు తులసి, మొగుడు పోయి వాళ్ళ పంచన చేరిన నేను. కేంపులో ఎవరింట్లో చీర చిరిగినా, పంచె పిగిలినా ముందు మా వదినకే కబురొచ్చేది. కొత్తగుడ్డ ఆవిడ ముట్టేది కాదు. "కొత్తగుడ్డ ఎవులిదని సెప్తావు? కొట్టోడిది. ఒంటి మీద అరిగితేనే అది మనిసిదవుతాది," అనేది. పూర్తయిన బొంతను వాకిట్లో పరిచి, ఇది గోపాలు పెళ్ళిపంచె, ఇది సుబ్బయ్య తల్లి ఓడ దిగినప్పుడు కట్టుకున్న చీర అని వేలుపెట్టి చూపించేది. నాకు అవన్నీ పీలికలే. కానీ ఆవిడ చెబుతుంటే పనులు మానుకుని వినేదాన్ని.

తులసిని సుయాక్‌లో ఒక సర్దారు కొడుక్కిచ్చాం. సర్దారంటే తోటలో కూలీల మీద పెత్తనం చేసేవాడు. ఆయన భార్య, అంటే తులసి అత్త, మొదట ఉత్త పార్వతమ్మే. మొగుడికి సర్దారీ వచ్చాక పార్వతీదేవి అయింది.

తులసి నీళ్ళోసుకుందన్న కబురు మా అన్న జ్వరంతో మంచంలో ఉండగా వచ్చింది. మనవడో మనవరాలో, ఎత్తుకుని చెరకు తోటంతా తిప్పుతానని ఆ మంచంలోంచే చెప్పుకునేవాడు. ఎత్తుకోకుండానే పోయాడు.

పోయినవాడి గుడ్డలు అతనితోపాటే మట్టిలోకి పోవాలి. అది మావాళ్ళ ఆచారం. ఒక్క పీలిక ఇంట్లో మిగిలినా మైలే. అన్నీ నేనే మూటగట్టాను. తలగుడ్డ ఒక్కటి కనపడలేదు. చెరకు నరికేటప్పుడు చుట్టుకునేవాడు, ఎంత ఉతికినా రసం మరకలు వదలనిది. వదిన మొహం చూశాను. ఆవిడ నా మొహం చూడలేదు. నాకు అర్థమై వెతకడం మానేశాను.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. పార్వతీదేవి పంపలేదు. "ఆ గడ్డికొంపలోనా? కేంపు నిండా జ్వరాలట," అని కబురు పెట్టింది. ఆ మాట విన్నరోజు వదిన అన్నం ముట్టలేదు. మర్నాడు మిగతా బొంతలన్నీ చుట్టి మూలన పడేసి, తులసి బిడ్డ బొంత ఒక్కటే ముందేసుకుని కూర్చుంది. కూతురికి పురుడు పోసే భాగ్యం ఎలాగూ పోయింది. ఇక తన చేతిమీదుగా ఆ బిడ్డకు చేరేది ఆ బొంతే.

పైపొరకు నలుగురు పిల్లల్ని కని పెంచిన తల్లుల చీరలు ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చింది. లోపలి పొర వేసేరోజు నన్ను పిలిచి, పెట్టె అడుగునుంచి మా అన్న తలగుడ్డ తీసింది.

"తప్పు వదినా. పసిబిడ్డ," అన్నాను.

"బూడిదేసి ఉడకబెట్టినాను. ఏట్లో జాడించినాను. ఇంకేటి మైల? మీయన్న ఎత్తుకుంతానన్నాడు గదా. లోపల్నే ఉంతాడు, ఎవులికీ అగుపడడు. ఆ సివర పట్టుకో."

పట్టుకున్నాను. నాకు మాత్రం అన్న కాడా?

బిడ్డను ఊయలలో వేసేరోజు చెరకు బండెక్కి సుయాక్ వెళ్ళాం. మగపిల్లాడు, నుదురు అచ్చం మా అన్నదే. పార్వతీదేవి బొంతను రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, "తాపీ మాంద్యాఁ లాగుందే," అని నవ్వింది. ఇక్కడి క్రియోలు జాతి ఆడవాళ్ళు అతుకుల బొంతను తమ భాషలో అలాగే అంటారు, బిచ్చగాళ్ళ తివాచీ అని. నాకు ఒళ్ళు మండింది. వదినకు అదేమీ చెవికెక్కలేదు. పిల్లాడు ఆ బొంతలో ముడుచుకుని నిద్రపోయాడు కదా, ఇంకేం కావాలి ఆవిడకు. ఆ సంతోషమే కొంప ముంచింది. తులసిని పక్కకు లాగి చెవిలో చెప్పేసింది.

"మీయయ్య ఇందల్నే ఉన్నాడే. తలగుడ్డ లోపలెట్టి కుట్టినాను. మనవడ్ని ఎత్తుకున్నాడు సూడు."

తులసి ఏడుస్తుందనుకున్నాను. నా కళ్ళు తుడుచుకోవడానికి నేను కొంగు కూడా పట్టుకున్నాను. అది గిరుక్కున తిరిగి అత్త దగ్గరకు పోయి చెప్పింది.

భయపడింది, కాదనను. ఆ ఏడు చుట్టుపక్కల పసివాళ్ళు చాలామంది పోయారు. కానీ భయమేస్తే తల్లిని పట్టుకుని అడగాలి, లేదా నన్ను అడగాలి.

పార్వతీదేవి అరవలేదు. అరిచినా బాగుండేది. "పోనీలే, తెలీక చేసింది. ఆ ముక్క తీసేస్తే సరి," అని పెద్దమనిషిలా కత్తెర తెప్పించింది. బిడ్డను లేపి కొత్త కంబళిలో చుట్టారు. వదిన చెయ్యి చాపింది.

"ఇలాగియ్యే, నాను ఇప్పుతాను. గుడ్డ సిరగకుండా తీత్తాను."

"నువ్వు ముట్టకమ్మా," అంది తులసి. తనే కూర్చుని కోసింది. ఆ బియ్యపుగింజంత కుట్టు దానికి చిన్నప్పుడు నేర్పింది వాళ్ళమ్మే. ఎక్కడ కోస్తే ఎక్కడ ఊడుతుందో దానికి బాగా తెలుసు. తలగుడ్డను చేత్తో కూడా పట్టుకోలేదు. కత్తెర కొసతో బయటికి లాగి తల్లి కాళ్ళ దగ్గర పడేసి, "అది తీసుకుపో," అంది.

వదిన దాన్ని దులిపి మడతపెట్టి కొంగులో కట్టుకుంది. బొంత అక్కడే నోరు తెరుచుకుని పడి ఉంది. తిరుగు దారిలో బండిలో నేను పార్వతీదేవిని ఊరంతా వినేలా తిడుతూ కూర్చున్నాను. తులసి పేరెత్తితే మాత్రం వదిన నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపేది.

రెండో కాన్పు దగ్గరపడ్డాక తులసే మనిషి చేత కబురు పంపింది. అమ్మలా కుట్టేవాళ్ళు సుయాక్‌లో ఎవరూ లేరట, బొంత కావాలట. పాతగుడ్డలు మాత్రం వద్దట, అన్నీ కొత్తవే వేయాలట. ఆ మనిషిని నేనైతే చీపురు తిరగేసి తరిమేదాన్ని. వదిన లేచి చీనావాడి కొట్టుకు పోయి పూలగుడ్డ తెచ్చింది. జన్మలో కొత్తగుడ్డ ముట్టని మనిషి దాన్ని ముక్కలు ముక్కలుగా కత్తిరించి మళ్ళీ అతికింది. బారెడేసి కుట్లు వేసింది. వాకిట్లో పరవలేదు, వేలుపెట్టి ఎవరి పేరూ చెప్పలేదు. చుట్టి పంపేసింది. పార్వతీదేవికి అది తెగ నచ్చిందట.

అది పంపిన సాయంత్రమే వదిన మళ్ళీ సూది పట్టుకుంది. తన పాతచీరలు పరిచి, మధ్యలో తలగుడ్డ వేసింది. అంచుల్లో తులసి కత్తెర పడినచోటల్లా చిరుగులు.

"ఎవరికి?" అన్నాను.

"నాకే. నాను పోయినప్పుడు ఇది నాతోటే ఎట్టెయ్యి. నా సీరలన్నీ కూడా మూటగట్టెయ్యి. ఈపాలి ఏదీ దాసకు."

"తులసి వస్తుంది కదా అప్పుడు. ఏడుస్తూ, అమ్మ చీర ఒక్కటివ్వత్తా అని అడిగితే?"

వదిన దారం పళ్ళతో కొరికింది.

"సచ్చినోళ్ళ గుడ్డ. దానిది పిల్లలున్న ఇల్లు. ఎలాగిస్తావే?"