సున్నా కింద గుంట

లేనిదానికంటే తక్కువ ఏముంటుంది, ఏమీ ఉండదు, చిన్నపిల్లకైనా తెలుసు, మరి రేడియేషన్ కొలిచే డిటెక్టర్ ముందు ఈ ఇటుక పొడి పెడితే గ్రాఫులో ఒక్క చోట గీత సున్నా కిందికి ఎందుకు దిగుతోంది, మూడు నెలలుగా ఆమె ఆ గుంటను చూస్తూనే ఉంది, ఏదో పొరపాటులే అని సర్దిచెప్పుకుంటూనే ఉంది, పోయిన వారం గ్రాఫు సున్నా దగ్గరే మొదలయ్యేలా కింది భాగం కత్తిరించేసింది కూడా, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఇవాళ పదకొండింటికి ఆ గ్రాఫునే విభాగమంతా చూడబోతోంది, ఆమె పరిశోధన చూసే మాస్టారు పొద్దున్నే ఇస్త్రీ చొక్కాలో దిగారు, ఆయన ఒంటి మీద ఇస్త్రీ చూసి ఆమెకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి, ఎవరైనా తేదీలు అడుగుతారేమోనని లాగ్‌బుక్కు తిరగేసింది, ముందేమీ పెట్టకుండా డిటెక్టర్‌ను రెండు రోజులు నడిపిన ఖాళీ లెక్క ఎక్కడుందో చూద్దామని, గోడల నుంచీ నేల నుంచీ మనుషుల నుంచీ వచ్చే ఆ కాస్త రేడియేషన్‌ను ప్రతి కొలతలోంచీ తీసేయాలి కదా, అదిగో ఖాళీ లెక్క మొదలుపెట్టిన శుక్రవారం పేజీ, గుండ్రటి అక్షరాల్లో, అమ్మాయికి మెట్లు దిగే పని లేకుండా సీజియం డబ్బా బల్ల సొరుగులో పెట్టాను అని రాసి ఉంది.

నైట్రోజన్ బాబాయ్ చేతిరాత, డిటెక్టర్ వేడెక్కకుండా రోజూ ద్రవ నైట్రోజన్ పోస్తాడని విద్యార్థులంతా అలా పిలుస్తారు, మోకాళ్ల నొప్పులతో రెండంతస్తులు ఎక్కి ఆ డబ్బా మోసుకొచ్చాడు, చెప్పాడు కూడా, అమ్మాయ్ డబ్బా సొరుగులో ఉంది చూసుకో అన్నాడు, ఆమె తెర మీంచి కళ్లు తీయకుండానే ఊఁ అంది, ఖాళీ అనుకున్నది ఖాళీ కాదన్నమాట, డిటెక్టర్‌ను సరిచూడటానికి వాడే ఆ సీజియం రేడియేషన్ కూడా లెక్కలో పడింది, ఇటుకలో లేనిదాన్ని ఇటుకలోంచి తీసేస్తే గుంట పడక ఏమవుతుంది, మూడు నెలలు గంగలో కలిశాయి, సరే, కలిస్తే కలిశాయి, కానీ ఈ సంగతి అతనికి ఎలా చెప్పడం, స్టూలు ఊగుతోందని కాలి కింద కాగితం మడిచి పెట్టేవాడు, ల్యాబులో తినొద్దని తిట్టి బయటికి పిలిచి తనే బిస్కెట్లు పెట్టేవాడు, అలాంటి మనిషితో మీ మంచితనమే నా కొంప ముంచింది అనగలదా, అనదు, మిషన్‌లో తేడా అంటే సరిపోతుంది, మిషన్ ఏమీ బాధపడదు కదా.

తలుపు దగ్గర నైట్రోజన్ బండి చక్రాలు కిర్రుమన్నాయి, అతనే, చేతులకు తొడుగులు వేసుకుని నైట్రోజన్ పోశాడు, తెల్లటి పొగ నేల మీద పరుచుకుంది, మొహం అలా ఉందేమిటమ్మాయ్ అన్నాడు, మిషన్‌లో ఏదో తేడా బాబాయ్, మూడు నెలల లెక్క పోయింది అనేసింది, అతను తొడుగులు తీసేసి, పంతొమ్మిదేళ్లుగా ఒక్క రోజూ తప్పలేదమ్మా, ఎప్పుడైనా తక్కువ పోశానా, వేడెక్కనిచ్చానా, ఏ రోజో చెప్పు అంటూ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకోసాగాడు, కాపాడబోయి అతని నెత్తిన ఇంకా పెద్ద నింద పెట్టిందే, ఇక ఉండలేక ఆ పేజీ ముందుకు జరిపింది, కాదు బాబాయ్, మీరు చెప్పారు, రాశారు, నేనే వినలేదు, చదవలేదు, అతను కళ్లజోడు పెట్టుకుని తన అక్షరాలు తనే రెండుసార్లు చదువుకున్నాడు, ఇప్పుడు కుప్పకూలుతాడు అనుకుంది, కూలలేదు, ఆ డబ్బా మూత పలచన, రేడియేషన్ కాస్త బయటికి వస్తుంది, ఖాళీ లెక్క తీస్తున్నానని ఒక్క మాట చెప్పుంటే గది అవతల పెట్టేవాణ్ణిగా అన్నాడు, తర్వాత పేజీలు తిప్పి తేదీలు చూసి, అయినా ఇటుకలు కొలిచినప్పుడు డబ్బా మళ్లీ కింది అంతస్తులోనే ఉంది, ఆ కొలతలకేం కాలేదు, పాడైంది ఆ రెండు రోజుల లెక్కే, ఈ శుక్రవారం మళ్లీ తీద్దాం, గది ఖాళీ చేయించే పూచీ నాది అన్నాడు.

మూడు నెలలు కాదు, రెండు రోజులే, ఇంత చదువు చదివిన తనకు ఆ మాట తట్టలేదు, మాస్టారి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది, ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఆ గుంట చూపించే మొదలుపెట్టు అన్నారు, తిరిగొచ్చి కత్తిరించిన గ్రాఫును మళ్లీ కిందిదాకా తెరుస్తుంటే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అతని మోకాళ్లకు మందు కొనిచ్చేది, అతని మనవరాలి మార్కులు అడిగేది, అతనంటే ఎంత ప్రేమో, కానీ ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా, బాబాయ్, నేను కొలిచేది ఇదీ అని అతనికి చెప్పలేదు.