రేపన్నావు కదప్పా

తిరుమణి బడిలో ఎనిమిదో తరగతి చదివే కార్తిక్‌కు ఒక భయం పట్టుకుంది. వాలీబాల్ జట్టు కెప్టెన్ ఓబులేశ్ మొన్న గంజాయి సిగరెట్టు చాపితే, "ఇంకోసారి చూద్దాంలేన్నా" అని తప్పించుకున్నాడు. ఆ ఇంకోసారి ఎప్పుడొస్తుందో తెలియదు. రోజూ బడినుంచి బైకు మీద ఇంటికి దింపేది ఓబులేశే మరి.

మత్తు సరుకు ఎవరైనా ఇస్తే వద్దనడం పిల్లలకు నేర్పి తీరాలని ప్రతిమ మిస్ పట్టుబట్టింది. క్లాసులో ఆడించే చిన్న నాటకంలో ఆ సరుకు ఇచ్చేవాడి వేషానికి కార్తిక్ మేనమామ మారన్నను పిలిచింది. సోలార్ ప్యానెళ్ల నడుమ గొర్రెలు మేపే మారన్న ఊరందరినీ ఆట పట్టించే రకం.

వేపాకు పొడి నింపిన గుట్కా పొట్లాన్ని మారన్న మేనల్లుడి ముక్కు దగ్గర ఆడించాడు.

"ఏసుకోప్పా. రాని మీసం గూడా వస్తాది."

క్లాసంతా నవ్వింది. పెద్దవాళ్లు ఇచ్చింది మొహం మీదే కాదనడం కార్తిక్‌కు చేతకాదు.

"రేపు చూద్దాంలే మామా."

"రేపే గదా, సరే." పొట్లం జేబులోకి పోయింది.

మర్నాడు కార్తిక్ పళ్లు తోముకుంటుంటే గోడ మీద మారన్న తల లేచింది. "రేపన్నావు కదప్పా, వచ్చినా."

"కడుపులో బాగలేదు మామా."

"బాగైనాక వస్తాలే."

బడి గేటు దగ్గర మళ్లీ అతడే.

"మాయమ్మ తిడతాది మామా."

"మా అక్క చేనికి పోయినప్పుడు వస్తాలే."

కార్తిక్ ఏడుపు మొహంతో మిస్ దగ్గరికి పోయి చెప్పుకున్నాడు.

"వద్దని ఒక్కసారన్నా చెప్పినావా?" అందామె.

కార్తిక్ గుర్తు చేసుకున్నాడు. మామకూ చెప్పలేదు. ఓబులేశ్‌కూ చెప్పలేదు.

సాయంత్రం సోలార్ కంచె పక్కన ఓబులేశ్ బైకు ఆపి సిగరెట్టు తీశాడు. "ఇంకోసారన్నావు గదరా. ఒక్క దమ్ము."

కార్తిక్ బైకు దిగాడు. "నాకొద్దన్నా. ఈపొద్దూ వద్దు, రేపూ వద్దు."

"అట్లయితే టీమూ లేదు, బైకూ లేదు. నడుచుకుంటా పో."

"పోతా."

బైకు దుమ్ము లేపుకుంటూ పోయింది. కొంత దూరం నడిచాక మారన్న గొర్రెలు ఎదురయ్యాయి.

"బైకు యాడప్పా?"

"వద్దని చెప్పేసినా మామా. బైకు పాయె, టీమూ పాయె."

మారన్న గొర్రెలను అదిలిస్తూ పక్కనే నడిచాడు. కాసేపటికి జేబులోంచి ఇంకో పొట్లం తీశాడు. "బటాణీలురా, ఒట్టు."

"ముందు నువ్వు తిను."

మారన్న నాలుగు నోట్లో వేసుకుని నమిలాడు. "రేపు చుట్టు దోవన వస్తావా, వానికి కనపడకుండా?"

"ఎందుకు? ఈ దోవనే వస్తా," అని కార్తిక్ బటాణీలకు చెయ్యి చాపాడు.