కుండీ కింద గుండీ

మా ఆవిడ జీవరసాయన శాస్త్రవేత్త. నేను దర్జీని. ఆవిడ జన్యువులు కత్తిరిస్తుంది, నేను గుడ్డలు కత్తిరిస్తాను. ఆవిడ రాసేవీ పత్రాలే, నూరేవీ పత్రాలే. దారం నాది, ఆధారం ఆవిడది. సంసారం సాఫీగానే నడుస్తోంది.

మా పరిచయం చీకటితో మొదలైంది. ప్రయోగశాలలో ఒక గదికి నల్ల తెరలు కుట్టించుకోడానికి మా దుకాణానికి వచ్చింది. "సూది బెజ్జమంత వెలుగు కూడా రాకూడదండీ" అంది. "అయితే సూది లేకుండా కుట్టమంటారా?" అన్నాను. నవ్వింది. అంతే, అయిపోయాను. లోకంలో తెర లేచాక నాటకం మొదలవుతుంది. మాది తెర దించాక మొదలైంది.

ఆ గదిలో ఆవిడ చేసే పని ఇది. ఎండ పడితే ఆకు వంట చేసుకుంటుందని మనందరం బళ్ళో చదువుకున్నాం. ఎండ ముదిరితే ఆ వంటింట్లో ఒక ముక్క మాడిపోతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. మాడిన ముక్కని పీకి కొత్తది బిగించాలి. ఆ బిగింపుకి ఒక ప్రోటీన్ సాయం చేస్తుందని, అది లేని మొక్క ఎండదెబ్బ నుంచి తేరుకోలేదని మా ఆవిడ జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ వాదిస్తోంది. దానికి అంకెలూ అక్షరాలూ కలిపి ఏదో పేరు పెట్టింది. నేను 'అతుకులమ్మ' అన్నాను. ప్రయోగశాలలో ఇప్పుడు అందరూ అదే అంటారు.

ఒప్పుకోనిది ఒక్కరే, ఆవిడ గురువుగారు. మనిషి మంచివాడు, మాటే బరువు. చాటున నేను బరువుగారంటాను.

"అమ్మాయ్, నీ అతుకులమ్మ ఆకులో లేదు, నీ కళ్ళలో ఉంది" అన్నాడాయన ఒకరోజు, నేను భోజనం డబ్బా ఇవ్వడానికి వెళ్ళిన వేళకే. "నీకు నచ్చిన ఆకుని ఏరుకుని కొలుస్తావు. నచ్చని అంకె వస్తే యంత్రం తప్పంటావు."

"నేనా? ఏరుకుంటానా?" మా ఆవిడ ముక్కు ఎర్రబడింది.

"అయితే ఏ మొక్క ఏదో తెలియకుండా కొలిచి చూపించు. అతుకులమ్మ ఉన్నవేవో లేనివేవో వేరుచెయ్యి. సరిగ్గా చేశావా, నిండు సభలో లేచి ఒప్పుకుంటాను. తప్పావా, నీ చీకటి గది ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాను."

గదుల పంపకం ఆయన చేతిలోనే ఉంది. ఆ గది పోతే ఆవిడ పని పోయినట్టే.

"సరే. కుండీలు కలిపేదెవరు? నా శిష్యురాలా?"

"వద్దు, సైగలు చేస్తుంది. ఈ విషయం అసలేమీ తెలియనివాడు కావాలి."

ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు. వాళ్ళిద్దరికీ ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదరడం అదే మొదలు.

మర్నాడు మా ఆవిడ నన్ను చీకటి గదిలోకి తోసింది. లోపల చిన్న పచ్చ దీపం ఒక్కటే వెలుగుతోంది.

"తెల్ల లైటు వేశారంటే మొక్కలు మేలుకుంటాయి. అప్పుడు మీ సంగతి చెప్తా. పచ్చ వెలుగుని ఆకులు అంతగా పట్టించుకోవు. ఎరుపు మింగుతాయి, పచ్చ వదిలేస్తాయి. మీకు ఎన్నిసార్లు చెప్పాను?"

"చెప్పావు, చెప్పావు" అన్నాను. నేనూ ఆకులాంటివాణ్ణే, చెప్పిందాంట్లో సగం వదిలేస్తాను.

"ఎడమ పళ్ళెంలోవి అతుకులమ్మ లేనివి. కుడి పళ్ళెంలోవి ఉన్నవి. గుర్తు పెట్టి కలిపెయ్యండి. గుర్తు నాకు కనపడకూడదు" అని చెప్పి తలుపేసుకుని వెళ్ళిపోయింది.

గుర్తంటే కాగితాలెందుకు? దర్జీకి గుండీ ఉండగా! ఎడమ జేబు నిండా ఎర్ర గుండీలు, లేనివాటికి. కుడి జేబు నిండా నల్లవి, ఉన్నవాటికి. చూడకుండానే జేబుల్లోంచి తీసి కుండీల అడుగున జిగురుతో అంటించాను. గుండె నిబ్బరం ఉన్నవాళ్ళుంటారు, నాది గుండీ నిబ్బరం. తర్వాత కుండీల్ని పేకముక్కల్లా కలిపాను. రెండింటి అడుగు తడిగా ఉన్నట్టుంది, గుండీలు ఊడి టపటపా కిందపడ్డాయి. వంగి వెతికి తీశాను. రెండూ నల్లవే. నల్లవే అయితే ఏది దేనికంటిస్తే ఏం? అంటించేసి ఈల వేసుకుంటూ బయటికొచ్చాను.

మా ఆవిడ మొక్కలకి చండప్రచండంగా వెలుగు పెట్టింది, తర్వాత మసక వెలుగులో సేదదీర్చింది, మళ్ళీ చీకట్లో పెట్టి ఒక్కో ఆకుమీదా తళుక్కున వెలుగు కొట్టి, బదులుగా ఆకు విసిరే సన్నటి ఎర్ర మెరుపుని యంత్రంతో కొలిచింది. తేరుకున్నవి ఒకవైపు, తేరుకోనివి ఇంకోవైపు పెట్టింది. ఒక్క అంకె కూడా పారెయ్యలేదు.

అన్నిటినీ కిటికీ పక్క బల్లమీదికి తెచ్చారు. ఏ రంగు దేనికో నేను చెప్పాక గురువుగారు ఒక్కో కుండీ ఎత్తి అడుగు చూడసాగాడు. తేరుకోనివాటి కింద ఎరుపు... ఎరుపు... ఎరుపు. ఆయన ముఖం వాడుతోంది, మా ఆవిడది విచ్చుకుంటోంది. ఇంతలో ఒకటెత్తి ఆగాడు.

"నలుపు."

అటువైపు కుండీల్లోనూ ఒకచోట ఎరుపు తేలింది.

"రెండు తప్పులు" అన్నాడాయన. గెలిచినా గొంతులో సంతోషం లేదు. "నేను చెప్పలేదుటమ్మా?"

మా ఆవిడ ఆ రెండు కుండీలకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. ఆ చూపుకి నా కుట్లు విడిపోయాయి.

"ఏవండీ, వీటికి జిగురు రెండు పొరలుందేం?"

"ఊడిపోతే మళ్ళీ అంటించాను. కంగారేం లేదు, రెండూ నల్లవే. నా కళ్ళతో చూశానుగా!"

"ఎక్కడ చూశారు?"

"నీ గదిలోనే."

"పచ్చ దీపం కింద!"

ముందు శిష్యురాలు కిసుక్కుమంది. మా ఆవిడ బల్ల పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వడం మొదలెట్టింది. "ఎరుపు లేని వెలుగులో ఎర్ర గుండీ నల్లగా కాక ఎలా కనిపిస్తుందండీ!"

నాకప్పుడు వెలిగింది. మా దుకాణంలో నేను ఏ గుడ్డయినా వీధిలోకి తీసుకెళ్ళి ఎండలో పరిచి చూపిస్తాను. లోపలి దీపం కింద రంగు నమ్మొద్దని ఊరందరికీ చెప్పే మనిషిని!

"కథ బాగుందయ్యా దర్జీ. నాకు కావాల్సింది రుజువు" అన్నాడు గురువుగారు.

"డీఎన్ఏ తీద్దాం" అంది మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ రెండిటికే కాదు, అన్నిటికీ."

"నేనూ అదే అనబోతున్నాను గురువుగారూ."

ఆకుముక్కలు నూరారు. ఆ జన్యువుకి నకళ్ళ మీద నకళ్ళు తీశారు. జెల్లు పలకలో పోసి కరెంటు పెట్టి పరుగెత్తించారు. అతుకులమ్మ లేని మొక్కలో ఆ జన్యువు మధ్యలో పరాయి ముక్కొకటి ఇరుక్కుని ఉంటుందట. అతుకుపడితే గుడ్డ పొడుగవుతుంది, పొడుగుది నెమ్మదిగా నడుస్తుంది. ఇది నాకు ఎవరూ రెండోసారి చెప్పక్కర్లేకపోయింది.

పలక కింద దీపం వేశారు. మెరిసే గీతలు రెండు వరసల్లో నిలబడ్డాయి. గురువుగారు కళ్ళజోడు తుడుచుకుని ఒక్కో గీతకీ వేలు పెట్టి చూశాడు. చివరికి ఆ రెండు కుండీల గీతల దగ్గర వేలు ఆగింది. గుండీలు చెప్పినట్టు కాదు, మా ఆవిడ చెప్పినట్టే ఉన్నాయి.

"అమ్మాయ్" అన్నాడు. ఈసారి మాట బరువుగా లేదు. "మీ ఆయన తప్పుని కూడా నీ ఆకులు పట్టేశాయి. ఆ తెరలు అలాగే ఉంచు."

మా ఆవిడ వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయి, ఆగి, నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది. శిష్యురాలు చప్పట్లు కొట్టింది. నేను ఈలేశాను.

ఆయన నావైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "సభలో లేచి ఒప్పుకోవాలిగా, మంచి కోటొకటి కుట్టయ్యా. రంగు నువ్వే చెప్పు."

ఆయన చెయ్యి పట్టుకుని తలుపువైపు నడిపించాను.

"ఇక్కడ కాదు గురువుగారూ. పదండి, ఎండలోకి పోదాం."