మంద్రంలో ఆర్లెటా

ఆర్లెటా స్టిడమ్ పాట నేను మొదటిసారి విన్నది మా ఊరి ఫైర్‌స్టేషన్ షెడ్డులో, చందాల కోసం చేపల వేపుడు విందు పెట్టినప్పుడు. నేను పగలు టైర్ల షాపు నడుపుతూ, తీరినప్పుడు బేస్ వాద్యం వాయించేవాణ్ణి. ఫిడేలు నా స్నేహితుడు డెంజిల్‌ది. మేమిద్దరం పాత కొండపాటలేవో వాయిస్తుంటే, ఆ పిల్ల ప్లేటు పక్కన పెట్టి, వేళ్లు గౌనుకు తుడుచుకుంటూ వచ్చింది.

"మీకు చేతులున్నాయి గానీ నోళ్లు లేవు. జరగండి, నేను పాడతా" అంది.

పాడింది. గొంతు అలా పైకి వెళ్లి, రేకుల కప్పుకు తగిలి, అక్కడే కాసేపు నిలిచింది. తినేవాళ్లు తినడం మానేశారు.

అలా మా బ్యాండు పుట్టింది. పాటలు తనే కట్టేది: మూతపడ్డ గని గురించి, వాళ్ల నాన్న దగ్గు గురించి. కెంటకీ తూర్పు కొండల్లో మేం వాయించని బడి లేదు, సంత లేదు. నాలుగేళ్లయ్యాక నాష్‌విల్ నుంచి ర్యాన్సమ్ టీగ్ అనే పెద్ద గాయకుడు కబురు పెట్టాడు. తన వెనక పై గొంతు పాడటానికి ఆర్లెటా కావాలన్నాడు. ఆమె ఒక్కతే.

ఆమె మా షాపులో టైర్ల మీద కూర్చుని, "మిమ్మల్ని వదిలేసి ఎట్లా పోనురా, క్లోవిస్?" అంది.

"పోవే తల్లీ. నీ తిట్లు లేకుండా నాలుగు రోజులు బతుకుతాం" అన్నాను.

వెళ్లింది. చాలా ఏళ్లు అతని బ్యాండు బస్సులోనే బతికింది. రికార్డుల మీద ఆమె పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది. అయినా ఎప్పుడు ఫోను చేసినా, "ఇక్కడ పాట ఎక్కడ ఆపాలో నేర్చుకుంటున్నానురా" అని సంబరంగా చెప్పేది.

తర్వాత గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణం దక్కింది, పై గొంతు మాత్రం పోయింది. ర్యాన్సమ్ చాలాకాలం ఆమె చోటు ఖాళీగానే ఉంచాడు. చివరికి ఆమే వద్దని చెప్పి ఇంటికి వచ్చేసింది.

ఆ చలికాలమంతా ఆర్లెటా తన గిటారు పెట్టె తెరవలేదు. మా అమ్మ ఓపల్ ఒకరోజు ఉడికించిన చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. మోయడానికి నన్నూ తీసుకెళ్లింది. మా అమ్మ చర్చి బృందంలో పెళ్లికి ముందు నుంచీ కింది గొంతు పాడేది.

"నా పాట అయిపోయిందత్తా" అంది ఆర్లెటా.

"పైన ఎగిరేవాళ్లకేం, బోలెడంతమంది ఉన్నారు. నాతో పాడే బెర్నీస్ పోయాక కింది గొంతు బెంచీలో నేనొక్కదాన్నే మిగిలాను. ఆదివారం వచ్చి నా పక్కన నిలబడు."

"బొంగురుగా ఉంటుంది."

"ఉండనీ. కప్పల్ని మాత్రం దేవుడు చెయ్యలేదా?"

ఆదివారం ఆర్లెటా చర్చికి వచ్చింది. మొదట ఊరికే పెదాలు కదిపింది. మా అమ్మ మోచేత్తో పొడిచి, "నమలడం కాదే, పాడు!" అంది. వెనక బెంచీవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆర్లెటా కూడా నవ్వింది, అప్పుడు గొంతు బయటికి వచ్చింది. పై వరసల వాళ్లు రాగంతో పరుగులు తీస్తుంటే, మా అమ్మ ఒకే స్వరం పట్టుకుని కదలకుండా నిలబడేది. ఆమె పక్కన నిలబడి నిలబడి ఆర్లెటాకూ ఆ స్థిమితం పట్టుబడింది. వసంతంలో కొండల మీద డాగ్‌వుడ్ చెట్లు పూసేసరికి ఆ మంద్రానికి సరిపడే కొత్త పాటలు కట్టేసింది.

వాటిని మా ముందు గదిలోనే రికార్డు చేశాం. డెంజిల్ వచ్చాడు. మా అమ్మ తోడు పాడింది. అట్ట మీద అందరి పేర్లూ వేస్తానని ఆర్లెటా పట్టుబట్టింది.

"నీ ఒక్కదాని పేరే వెయ్యి. తప్పులుంటే నీ మీదికి తోసెయ్యొచ్చు" అన్నాడు డెంజిల్.

ఆ రికార్డు మెల్లగా ఊళ్లు తిరిగింది. కాలేజీ రేడియోలవాళ్లు వేశారు. అది ర్యాన్సమ్ చెవిన కూడా పడింది. లెక్సింగ్టన్‌లో తన కచేరీకి ముందు ఆమెను ఒంటరిగా పాడమని పిలిచాడు. మేమంతా వెళ్లాం.

మధ్యలో ఎవరో పాత పాట కావాలని కేక వేశారు, పై గొంతుతో పాడేది. 

"ఆ గొంతు నన్ను దేశమంతా తిప్పింది. దాన్ని నేనేం తక్కువ చెయ్యను" అంది ఆర్లెటా. "ఇది మా ఓపల్ అత్త పక్కన దొరికిన గొంతు. దీంతోనే పాడతా, సర్దుకోండి."

ఆ పాటనే కింది గొంతులో పట్టుకుని పాడింది. రెండో చరణంలో ర్యాన్సమ్ వేదిక పక్క నుంచి వచ్చి, ఒకప్పుడు ఆమె పాడిన పై వరస తను అందుకున్నాడు. ఆమె అతని వైపు తిరిగి చూస్తూ పాడింది. నాకు కళ్లు మసకబారాయి.

కచేరీ అయ్యాక అందరం రోడ్డు పక్క హోటల్లో చేరాం. ర్యాన్సమ్ మా అమ్మ పక్కన కూర్చున్నాడు.

"పై వరసలో రెండుచోట్ల తప్పావు, బాబూ" అంది అమ్మ.

"తెలుసండీ" అన్నాడతను, తల వంచుకుని.

తినే ముందు ప్రార్థన ఎప్పుడూ మా అమ్మే చెబుతుంది. ఆవేళ ఆర్లెటా తను చెబుతానంది. అందరం చేతులు పట్టుకున్నాం.

"ప్రభువా, ఇంతమంది పక్కన నిలబడి పాడనిచ్చావు..." అని, ఇక మాట రాక ఆగిపోయింది. 

మా అమ్మ ఆమె చెయ్యి నొక్కి, "ఆమెన్" అంది. "చల్లారిపోతోంది, తినండి."