ఎర్రచుక్కల ఆవు

పదింటికి తలుపులు తీస్తారు. విశ్వవిద్యాలయం వాళ్ల జంతు ఎముకల ప్రదర్శనశాల అది. టికెట్టు లేదు, ఎవరైనా రావచ్చు. అక్కడ ఎముకలు చూసుకునే పనామెని అందరూ ఎముకలమ్మ అనేవాళ్లు. ఆమె తొమ్మిదింటికే వచ్చి, గుర్రం పక్కటెముకలూ ఒంటె మెడా కుంచెతో దులిపి, చివర్న ఆవు అస్థిపంజరం కింద తడిగుడ్డ పెట్టేది. చూడ్డానికొచ్చిన వాళ్ల చంటిపిల్లలు ఆకలికి ఏడిస్తే ఆ ఆవు చేపుతుంది మరి! బొమికల సందుల్లోంచి పాలు కారి నేలంతా జిడ్డు.

"అక్కా, మీ ఆవుకి సిగ్గూ శరం లేవు. నిన్న మళ్లీ జారిపడ్డాను," అనేవాడు కాపలావాడు.

"కళ్లు నెత్తిన పెట్టుకుని నడుస్తూ ఆవునంటావేం?"

ఆ ఏడు ఎముకలమ్మ కూతురు కాన్పులో పోయింది. మిగిలిన పసిగుడ్డు ఏ పాలు పట్టినా కక్కేసేది. తొమ్మిదో రోజుకి ఏడవడానికీ ఓపిక లేదు. డాక్టరు చేతులెత్తేశాడు. ఎముకలమ్మ దేవుడికి దండం పెట్టుకుని, మనవరాల్ని తెచ్చి ఆవు కింద పడుకోబెట్టింది. పిల్ల ఏడవకపోయినా ఆవు చేపింది. పిల్ల గుటకలు వేసింది. పైవాడి దయ కాకపోతే ఏమంటారు, చెప్పండి!

అయితే పాలెక్కడివి? ఎముకల్లోవే కదా. నెల తిరిగేసరికి ఒక పక్కటెముక కాగితంలా పలచబడి, కుంచె తగలగానే పొడైపోయింది. ఎముకలమ్మ ప్లాస్టరుతో అలాంటిదే పోసి తీగతో కట్టింది. నకలు ఎముక మీద ఎర్రచుక్క పెట్టాలి, జనాన్ని మోసం చేయకూడదని అక్కడి పద్ధతి. పెట్టింది. మర్నెల వెన్నుపూసలు. ఆపైన కాళ్లు. దేవుడు చూస్తుంటాడని ఒక్క చుక్క కూడా ఎగ్గొట్టలేదు. పిల్ల గుండ్రాయిలా తయారైంది.

ఏడాది తనిఖీకి విశ్వవిద్యాలయం పెద్దసారు వచ్చాడు. తల నుంచి తోక దాకా చుక్కలే.

"అసలు ఎముకలేవమ్మా? అమ్ముకున్నావా?"

ఆమె పాకుతున్న మనవరాల్ని ఎత్తి ఆయన ముందు నిలబెట్టింది.

పెద్దసారు కోప్పడలేదు. అందుకే ఆమెకి భయమేసింది. ఆయన పిల్ల మోచేతులూ వెన్నూ తడిమి, "బాగా భద్రపరిచావు," అన్నాడు. చెరగని సిరాతో పిల్ల మడమ మీద జాబితాలోని ఆవు నంబరు వేశాడు. "విశ్వవిద్యాలయం సొత్తు కదమ్మా. ఇక్కడే ఉండాలి."

"సాయంత్రాలైనా ఇంటికి తీసుకెళ్లొచ్చా, అయ్యా?"

"ఎముకలు ఎప్పుడైనా ఇంటికెళ్లాయా?"

మర్నాడు జనం ముట్టుకోకుండా పిల్ల చుట్టూ అడ్డంగా తాడు కట్టారు. పిల్ల అవతలి నుంచి రెండు చేతులూ చాచింది.

"దాటకు అక్కా, నా ఉద్యోగం పోతుంది," అన్నాడు కాపలావాడు, నేల చూపులు చూస్తూ.

"బతికుంది కదా స్వామీ, ఇంకేమీ అడగను," అంటూ ఎముకలమ్మ తాడుకి ఇవతలే చేతులు జోడించింది.